ఓడదొంగల కథను అవతలి ఒడ్డు నుంచి కూడా చెప్పండి

తెలుగులో ప్రపంచ చరిత్ర పాఠాలు రాసేవారికి, పిల్లల విజ్ఞాన గ్రంథాలు కూర్చేవారికి, విదేశీ సాహిత్యాన్ని అనువదించి అచ్చువేసే ప్రచురణకర్తలకు నమస్కారాలతో రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా,

హైస్కూలులో నేను చదువుకున్న ప్రపంచ చరిత్ర పాఠంలో ఫ్రాన్సిస్ డ్రేక్ గురించి ఒకటే వాక్యం ఉండేది. ఓడ మీద భూగోళాన్ని చుట్టివచ్చిన తొలి ఆంగ్లేయుడు ఆయనేనని, అందుకు మెచ్చి ఎలిజబెత్ రాణి కాలంలో ఆయనకు 'సర్' బిరుదు దక్కిందని ఆ వాక్యం చెప్పేది. పక్కనే మెడ చుట్టూ కుచ్చుల పట్టీతో ఆయన బొమ్మ ఉండేది. ఆ వాక్యంలో అబద్ధమేమీ లేదు. అయితే ఉద్యోగం కోసం స్పానిష్ నేర్చుకుని, ఆ భాషలో పాత పుస్తకాలు చదవడం అలవాటైన తరువాత, అదే మనిషి నాకు మరో పేరుతో ఎదురయ్యాడు. అమెరికా ఖండంలోని స్పానిష్ రేవుల్లో ఆయన పేరు 'ఎల్ ద్రాకె'. 1577 నుంచి 1580 దాకా సాగిన ఆ భూప్రదక్షిణ దారిలోనే ఆయన చిలీలోని వల్పరైసో రేవును దోచాడు, లిమా నగరానికి రేవైన కయావోలో లంగరు వేసి ఉన్న ఓడల మీద పడ్డాడు, 1579 మార్చిలో నేటి ఈక్వడార్ తీరానికి దగ్గరలో వెండి మోసుకుపోతున్న స్పానిష్ ఓడను పట్టుకుని ఖాళీ చేశాడు. మన పాఠంలో ప్రదక్షిణ నిలిచింది, దోపిడీ జారిపోయింది.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదని నాకు తెలుసు. ప్రపంచం గురించి మనం రాసుకునేదంతా చాలాకాలంగా ఇంగ్లీషు పుస్తకాల మీదుగానే వస్తోంది కాబట్టి, దోచినవారి మాట మన దాకా వచ్చింది, దోపిడీకి గురైన ఊళ్ల మాట స్పానిష్‌లోనే ఉండిపోయింది. ఆ ఊళ్ల మాటలో పెద్ద భాగం పద్యరూపంలో ఉంది. 1580ల నుంచి 1610 లోపు, ముప్పై ఏళ్ల వ్యవధిలో, డ్రేక్, ఆక్సెనమ్, కావెండిష్, హాకిన్స్ వంటి ఓడదొంగలు పాత్రలుగా కనీసం ఆరు దీర్ఘకావ్యాలు స్పానిష్‌లో పుట్టాయి. వాటిలో ఒక్కటైనా తెలుగులో నా కంటపడలేదు. వాటిని మన భాషలోకి తెమ్మని, తెచ్చే లోపు కనీసం మన పాఠాల్లోని వాక్యాలను సరిచేయమని అడగడానికే ఈ లేఖ.

ఒక సందేహం మీకు వెంటనే రావచ్చు. స్పెయిన్ మాత్రం ఆ ఖండంలో అతిథిగా ఉందా, ఆక్రమించిన దేశం తన మీద జరిగిన దోపిడీ గురించి చేసిన రోదనను మనం ఎందుకు నెత్తిన పెట్టుకోవాలి అని. సరైన సందేహమే. ఓడల్లో పోయిన ఆ వెండిలో ఎక్కువ భాగం నేటి బొలీవియాలోని పొతోసి గనుల్లో ఆండీస్ ఆదివాసుల చేత బలవంతపు వంతులకింద తవ్వించినది. ఈ కవుల్లో చాలామంది విజేతల పక్షాన పుట్టినవారే, కొందరు స్వయంగా కత్తిపట్టినవారు. నేను వారిని న్యాయమూర్తులుగా చూడమనడం లేదు. తమను దోచిన మనిషిని గురించి రాసేటప్పుడు వారు ఏమి చూశారో, ఏమి చూడలేకపోయారో, చూసి రాసినదాన్ని ఎవరు చెరిపేశారో తెలుసుకుంటే, ఆ కాలం మనకు మరింత నిజంగా కనబడుతుంది అంటున్నాను.

హువాన్ దె కాస్తెయానోస్ అనే కవితో మొదలుపెడతాను, ఎందుకంటే నా మనసును పట్టుకుని ఇంతదూరం లాక్కొచ్చినది ఆయనే. స్పెయిన్‌లో సెవిల్ ప్రాంతంలోని ఆలనీస్ అనే ఊళ్లో 1522లో పుట్టి, చిన్నవయసులోనే అమెరికాకు ఓడెక్కి, సైనికుడిగా తిరిగి, చివరకు నేటి కొలంబియాలోని తుంహా పట్టణంలో చర్చి పూజారిగా స్థిరపడి, 1607లో అక్కడే కన్నుమూశాడు. ఇండీస్ (స్పానిష్ అమెరికాకు ఆనాటి పేరు) వీరుల మీద ఆయన రాసిన ఎలిజీలు, అంటే స్మృతిపద్యాలు, లక్ష పాదాలు దాటుతాయి. స్పానిష్ భాషలో అంతకంటే పొడవైన కావ్యం లేదంటారు. మొదటి భాగం 1589లో మాడ్రిడ్‌లో అచ్చయింది. మూడో భాగంలో, 1586లో డ్రేక్ నేటి కొలంబియా తీరంలోని కార్తహేనా నగరాన్ని పట్టుకున్న ఉదంతాన్ని ఆయన విడిగా ఒక ఖండికగా చెప్పాడు. ఆ ఫిబ్రవరిలో డ్రేక్ నగరంలోకి చొరబడి, వారాల తరబడి అక్కడే ఉండి, ఇళ్లను వరుసగా తగలబెడుతూ బేరం సాగించి, 1,07,000 డుకాట్లు (ఆనాటి స్పానిష్ సొమ్ము) తీసుకుని గానీ కదలలేదు. కాస్తెయానోస్ ఒకప్పుడు ఆ నగరంలో నివసించినవాడు. కాలిన వీధులు ఆయనకు తెలిసిన వీధులు.

అటువంటి కవి డ్రేక్‌ను ఎలా వర్ణిస్తాడని మీరు ఊహిస్తారు? కోరలు, నిప్పుకళ్లు, రాక్షసరూపం అనుకుంటారు. ఆయన రాసినది అది కాదు. ఎర్రని ఛాయ గల మనిషి అన్నాడు, ముఖం చూడముచ్చటగా ఉంటుందన్నాడు, పొడవు సగటు కంటే కొంచెం తక్కువైనా అంగసౌష్ఠవం కుదిరినవాడన్నాడు, మాటతీరులో ఆస్థానాల్లో మసలినవాడి మన్నన ఉందన్నాడు. తెలివిని, చురుకుదనాన్ని, ఆజ్ఞాపించే నేర్పును ఒప్పుకున్నాడు. అదే సమయంలో మతద్రోహి అని, దొంగ అని అనడానికి వెనుకాడలేదు. ఇక నగర రక్షణలో జరిగిన లోపాలను, నిలబడవలసినచోట నిలబడనివారిని కూడా ఆయన దాచలేదు. శత్రువు ముఖాన్ని స్పష్టంగా గీసిన చేత్తోనే తమవారి ముఖాన్నీ గీశాడు. ఈ రెండు పనులూ కలిసి చేయడం ఎంత కష్టమో, ఓడిన ఊరి గురించి రాసిన ఎవరికైనా తెలుస్తుంది.

ఆ ఖండిక అచ్చుకాలేదు. మూడో భాగం రాతప్రతి పరిశీలనకు పంపినప్పుడు, సెన్సారు అధికారి దాన్ని తీసివేయమని రాశాడు, ఆ కాగితాలు ప్రతి నుంచి విడిపోయాయి. ఆ అధికారి ఎవరో తెలిసినప్పుడు నేను పుస్తకం మూసి కొంతసేపు ఊరకే కూర్చున్నాను. ఆయన పెద్రో సర్మియెంతో దె గంబోవా. 1579లో డ్రేక్‌ను అడ్డగించడానికి పెరూ నుంచి దక్షిణ అమెరికా కొసన ఉన్న మెజెల్లన్ జలసంధికి పంపిన నావికుడు ఆయనే, కానీ డ్రేక్ అప్పటికే మరో దిక్కుగా పసిఫిక్ దాటిపోయాడు. ఇంకెవరూ ఆ దారిన రాకుండా జలసంధి ఒడ్డున కోటలు కట్టి జనాన్ని నిలపాలని రాజును ఒప్పించి, 1584లో ఆ చలిగడ్డ మీద రెండు ఊళ్లు నెలకొల్పినవాడూ ఆయనే. సహాయం తేవడానికి స్పెయిన్‌కు పోతూ 1586లో వాల్టర్ రాలీ ఓడలకు చిక్కి ఇంగ్లండులో బందీ అయ్యాడు. ఆయన నిలిపిన జనం తిండిలేక ఒక్కొక్కరే రాలిపోయారు. 1587 జనవరిలో ఆ జలసంధిలోకి వచ్చి, మిగిలిన కొద్దిమందిని చూసి, ఆ చోటికి 'ఆకలి రేవు' అని పేరుపెట్టినది మరో ఆంగ్ల ఓడదొంగ, థామస్ కావెండిష్. ఇంత అనుభవించిన మనిషి బల్ల మీదకు, డ్రేక్‌ను అందగాడని, మర్యాదస్తుడని, సమర్థుడని చెప్పే పద్యాలు వచ్చాయి. ఆయన కలం ఎందుకు కదిలిందో, రాజ్యరహస్యం కోసమో గాయపడిన మనసు కోసమో, నేను నిర్ధారించి చెప్పను. ఆ ఖండిక 1921లో మాడ్రిడ్‌లో తొలిసారి అచ్చయింది. మూడు వందల ఏళ్లకు పైగా డ్రేక్ ముఖం కాగితాల మధ్య మూతపడి ఉంది.

శత్రువును గొప్పగా చెప్పడం మన కావ్యసంప్రదాయానికి కొత్త కాదు. శత్రువు వంశాన్ని, పరాక్రమాన్ని, విద్యను కూడా వర్ణించి, అటువంటివాణ్ణి గెలిచినట్లు చెప్పి నాయకుని ఔన్నత్యాన్ని చూపడం తనకు ప్రీతి కలిగిస్తుందని దండి కావ్యాదర్శంలో అన్నాడు. మన తెలుగు పాఠకుడికి ప్రతినాయకుడు అనే మాట చెబితే చాలు, ఈ కావ్యాల తలుపు సగం తెరుచుకుంటుంది. పెద్రో దె ఓన్యా రాసిన 'అరౌకో దొమాదో' దండి సూత్రానికి అచ్చమైన ఉదాహరణ. చిలీ గడ్డ మీద, అంగోల్‌లో 1570లో పుట్టిన ఈ కవి తన కావ్యాన్ని 1596లో లిమాలో అచ్చువేయించాడు. పెరూ వైస్రాయ్ గార్సియా ఉర్తాదో దె మెందోసాను కీర్తించడం దాని పని. అందుచేత 1594లో నేటి ఈక్వడార్‌లోని అతకామెస్ తీరంలో వైస్రాయ్ బావమరిది బెల్త్రాన్ దె కాస్త్రో చేతికి చిక్కిన రిచర్డ్ హాకిన్స్ చివరి సర్గల్లో ప్రతినాయకుడయ్యాడు. స్పానిష్ నోట ఆయన పేరు 'రిచార్తె అకీనెస్'. ఓన్యా అతన్ని మంచి వంశంలో పుట్టిన యువకుడిగా, అందగాడిగా, ధైర్యవంతుడిగా, చేసే ప్రతి పనిలో కులీనుడి నడత ఉన్నవాడిగా వర్ణించాడు. అంత మంచివాడు మతభ్రష్టుడైపోయాడే అన్నదే కవి బాధ. ఆ పొగడ్తలో లెక్క ఉంది, కాదనను. గెలిచినవాడు వైస్రాయ్ ఇంటివాడు కాబట్టి ఓడినవాడు తక్కువవాడైతే కుదరదు. అయినా ఆ మన్నన కాగితానికే పరిమితం కాలేదు. లొంగిపోతే ప్రాణం తీయబోమని హాకిన్స్‌కు ఇచ్చిన మాట కోసం బెల్త్రాన్ నిలబడ్డాడు. ఏళ్ల తరబడి బందీగా ఉన్నా హాకిన్స్ చివరికి ప్రాణాలతో ఇంగ్లండు చేరాడు, 1622లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో బెల్త్రాన్ మర్యాదను గౌరవంగా తలచుకున్నాడు. ఒకే యుద్ధం గురించి గెలిచినవాడి కవి, ఓడిన నావికుడు రెండు ఒడ్ల నుంచి రాసిన మాటలు ఇలా దొరకడం అరుదు. ఒక చరిత్ర పాఠానికి ఇంతకంటే మంచి ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది?

లోపె దె వేగా దగ్గరికి వచ్చేసరికి గాలి మారిపోతుంది. స్పెయిన్‌లో ఆయన కంటే పేరున్న కవి ఆ రోజుల్లో లేడు. డ్రేక్ చివరి దండయాత్ర మీద, 1596 జనవరిలో పనామా తీరంలోని పోర్తోబెలో దగ్గర ఓడలోనే విరేచనాల జబ్బుతో పోయిన అతని మరణం మీద, పది సర్గల 'లా ద్రాగోన్తేయా'ను 1598లో వెలువరించాడు. 'ద్రాకె' అన్న పేరులో 'ద్రాగోన్' అన్న మాట వినిపిస్తుంది కదా, ఆ శ్లేష మీదనే కావ్యం మొత్తం నిలబెట్టాడు. డ్రేక్ అందులో మనిషి కాదు, బైబిలు చివరి గ్రంథం నుంచి దిగివచ్చిన మహాసర్పం. స్పెయిన్, ఇటలీ, ఇండీస్ ముగ్గురు స్త్రీలుగా మారి దేవుని ముందు మొరపెట్టుకుంటాయి. దురాశ రూపం ధరించి డ్రేక్ కలలోకి వచ్చి అతన్ని ఎగదోస్తుంది. పద్యాల నడక అద్భుతం, ఆ మాట చెప్పకపోతే నేను అన్యాయం చేసినవాణ్ణవుతాను. అయితే లోపె అమెరికా ఖండంలో ఏనాడూ అడుగుపెట్టలేదు. ఇళ్లు కాలిన వాసన తెలిసిన కాస్తెయానోస్‌కు డ్రేక్ పొట్టిగా, ఎర్రగా, మర్యాదగా కనబడ్డాడు. సముద్రానికి అవతల కూర్చున్న లోపెకు రెక్కల సర్పంగా కనబడ్డాడు. ఈ కావ్యాలన్నీ చదివిన తరువాత నాకు మిగిలిన గట్టి అభిప్రాయం ఇదే: దెబ్బ తగిలిన చోటికి దగ్గరగా ఉన్న కవికి దొంగ మనిషిగా దొరికాడు, దూరం పెరిగేకొద్దీ మృగమయ్యాడు. మన పిల్లలకు చేరిన డ్రేక్ కూడా దూరం నుంచి గీసిన బొమ్మే, కాకపోతే సర్పానికి బదులు వీరుడు.

విచిత్రమేమంటే, శత్రువును అంతగా తిట్టిన లోపె కావ్యానికీ స్పెయిన్‌లోని కాస్తీయ రాజ్యంలో అచ్చుకు అనుమతి రాలేదు. వలెన్సియాకు వెళ్లి అచ్చువేసుకోవలసి వచ్చింది. పనామాలో ఆంగ్లేయులను తిప్పికొట్టిన ఘనత నోంబ్రె దె దియోస్ పట్టణాధికారి దియేగో స్వారెస్ దె అమాయాదని లోపె రాశాడు. పెరూ నుంచి రక్షణ కోసం పంపిన అలోన్సో దె సోతోమయోర్‌దే ఆ ఘనత అని నమ్మినవారు దాన్ని ఒప్పుకోలేదు. ఇండీస్ అధికార చరిత్రకారుడు ఆంతోనియో దె ఎర్రేరా ఆ పుస్తకానికి అడ్డుపడ్డాడు. ఓన్యా పుస్తకాన్ని కూడా లిమాలో పట్టుకున్నారు, కీతో నగరంలో పన్నుల మీద జరిగిన తిరుగుబాటు గురించి అందులో ఉన్న మాటలకు అక్కడివారు నొచ్చుకోవడం అందుకు కారణం. ఓడదొంగను ఎలా వర్ణించారన్నదాని కంటే, తమ మనుషుల్లో ఎవరికి ఎంత పేరు వచ్చింది, ఎవరి పరువు పోయింది అన్నదే అధికారులకు ముఖ్యమైంది.

హువాన్ దె మిరామోంతెస్ అనే సైనికుడు 1608 ప్రాంతాల్లో లిమాలో పూర్తిచేసిన 'ఆర్మాస్ ఆంతార్తికాస్' అనే ఇరవై సర్గల కావ్యం గురించి క్లుప్తంగానే చెబుతాను, కానీ అందులోని ఒక విషయాన్ని దాటవేయలేను. 1576-77లో జాన్ ఆక్సెనమ్ అనే ఆంగ్లేయుడు పనామా భూసంధిని అడవుల గుండా దాటి, అవతలి ఒడ్డున చిన్న ఓడ కట్టించుకుని, పసిఫిక్ మహాసముద్రం మీద తిరిగిన తొలి ఆంగ్లేయుడయ్యాడు. అతనికి దారి చూపినవారు సిమరోన్లు, అంటే స్పానిష్ యజమానుల నుంచి తప్పించుకుని అడవుల్లో స్వతంత్రంగా బతికిన ఆఫ్రికన్లు. మిరామోంతెస్ కావ్యంలో ఈ స్నేహానికి పెద్ద చోటుంది. స్పానిష్ అధికారులకు ఆంగ్ల ఫిరంగుల కంటే ఆ స్నేహమే ఎక్కువ భయం కలిగించింది. ఆక్సెనమ్‌ను పట్టుకుని 1580లో లిమాలో ఉరితీశారు. సిమరోన్లతో మాత్రం సంధి చేసుకుని ఊళ్లు ఇవ్వవలసి వచ్చింది. 1596లో డ్రేక్ మనుషులు మళ్లీ వచ్చినప్పుడు, అలా స్థిరపడిన సాంతియాగో దెల్ ప్రీన్సిపె ఊరివారు ఈసారి స్పానిష్ పక్షాన నిలబడి వారిని ఎదుర్కొన్నారు. ఎవరు తమ స్వేచ్ఛకు హామీ ఇస్తే వారివైపు నిలిచిన ఆ జనం కథ ఓడదొంగల పాఠంలో లేకపోతే, ఆ పాఠంలో సగం మనుషులు లేనట్లే. మిరామోంతెస్ కావ్యం కూడా రాతప్రతిగానే ఉండిపోయి, అదే 1921లో, కీతోలో అచ్చుకు నోచుకుంది.

ఇక నేను ముందుగా తెలుగులోకి తెమ్మని అడిగేది క్యూబాలో పుట్టిన 'ఎస్పేహో దె పసియెన్సియా', అంటే సహన దర్పణం. కనరీ దీవుల నుంచి వలస వచ్చిన సిల్వెస్త్రె దె బల్బోవా 1608లో రాసిన ఈ కావ్యం రెండే సర్గలు, వెయ్యి పైచిలుకు పాదాలు. క్యూబా సాహిత్యానికి ఆదికావ్యమని దీన్నే చెప్పుకుంటారు. 1604లో యారా అనే చోట బిషప్ హువాన్ దె లాస్ కబేసాస్‌ను హిల్బెర్తో హిరోన్ అనే ఫ్రెంచి ఓడదొంగ పట్టుకుపోయాడు, విడుదలకు సొమ్ముతోపాటు పశువుల తోళ్లు కూడా అడిగాడు. తోళ్లెందుకని ఆశ్చర్యపోకండి. అప్పట్లో తూర్పు క్యూబా బతుకు తోళ్ల మీదే నడిచేది. సెవిల్ నుంచి రావలసిన సరుకు రాక, వచ్చినా ధర అందక, బయామో జనం ఫ్రెంచి, ఇంగ్లీషు, డచ్చి ఓడల దగ్గర దొంగచాటుగా తోళ్లు అమ్మి గుడ్డలు, పనిముట్లు కొనుక్కునేవారు. అంటే బిషప్‌ను ఎత్తుకుపోయినవాడు ఆ తీరానికి పరాయివాడు కాడు, అటువంటివారితో రోజూ బేరమాడేవారి మధ్యకే వచ్చాడు. బల్బోవా ఈ సంగతిని నేరుగా చెప్పడు. దొంగవ్యాపారం నింద మోస్తున్న ఊరివారిని భక్తులుగా, వీరులుగా నిలబెడతాడు. కావ్యంలో కవి మౌనం పాటించిన ఆ చోటును అనువాదకుడు పాఠకుడికి చూపించాలి.

బిషప్‌ను విడిపించుకున్న తరువాత గ్రెగోరియో రామోస్ నాయకత్వంలో కొద్దిమంది ఊరివారు మంసానియో తీరంలో మాటువేసి హిరోన్‌ను ఎదిరిస్తారు. హిరోన్‌తో తలపడి అతన్ని చంపినవాడు సల్వడోర్ గొలొమోన్, ఒక నల్లజాతి బానిస. బల్బోవా అక్కడ కథ ఆపి, ఓ సల్వడోర్, గౌరవనీయుడా, నీ కీర్తి ఎగురుగాక, ఇంత మంచి సైనికుణ్ణి పొగడడంలో నాలుకా కలమూ అలసిపోకూడదు అని నేరుగా అతన్ని పిలుస్తాడు. పొగడి ఊరుకోడు, ఈ మనిషికి స్వేచ్ఛ ఇవ్వమని బయామో పట్టణాన్ని అడుగుతాడు. ఒక కవి తన కావ్యం మధ్యలో ఊరిపెద్దల వైపు తిరిగి ఇలా విన్నవించడం నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది. పల్నాటి కథలో కన్నమదాసు పేరు విని పెరిగిన మనకు, గాథలో తక్కువగా చూసినవారి చేతికి కత్తి దక్కిన క్షణం ఎంత బరువైనదో వేరే చెప్పనక్కరలేదు. సల్వడోర్‌కు ఆ స్వేచ్ఛ దొరికిందో లేదో కావ్యం చెప్పదు.

ఇంకో ఆకర్షణ కూడా ఉంది. విడుదలై వచ్చిన బిషప్‌కు స్వాగతం చెప్పడానికి గ్రీకు పురాణాల వనదేవతలు, అశ్వమానవులు క్యూబా అడవుల్లోంచి దిగి, అనాస, అరటి, టమాటా, అవకాడో, మనం లక్ష్మణఫలం అని పిలుచుకునే గ్వనాబన పళ్లు తెచ్చి పెడతారు. అరువు తెచ్చుకున్న దేవతల చేతుల్లో సొంత గడ్డ పళ్లు పెట్టిన ఆ దృశ్యం పిల్లలకు చెప్పినా నచ్చుతుంది. ఈ కావ్యం 1838లో గానీ వెలుగులోకి రాలేదు. దొరికినది కూడా తరువాతి కాలపు చరిత్ర రాతప్రతి ఒకదానిలో ఎక్కించి ఉన్న పాఠమే. అందువల్ల దీని ప్రామాణికత మీద కొందరు పండితులు అనుమానం వెలిబుచ్చారు. తెలుగు అనువాదం ముందుమాటలో ఆ మాట దాచకుండా రాయాలి.

అనువాదానికి దిగేవారికి మాటల ఎంపిక దగ్గర ఒక చిక్కు వస్తుంది. స్పానిష్‌లో 'కొర్సారియో' అంటే తన రాజు అనుమతి పత్రంతో శత్రుదేశపు ఓడలను దోచేవాడు, 'పిరాతా' అంటే ఎవరి అనుమతీ లేని దొంగ. చట్టంలో ఉన్న ఈ తేడాను కవులు చాలాచోట్ల పట్టించుకోలేదు, రెండు మాటలనూ కలగలిపి వాడారు, మతకోపం వచ్చినప్పుడు రెండూ వదిలేసి 'లూథరన్' (కాథలిక్కులు కాని ప్రొటెస్టెంటు క్రైస్తవుడు) అని తిట్టారు. తెలుగులో మనకు ఓడదొంగ, సముద్రపు దొంగ అన్న మంచి మాటలున్నాయి. కానీ డ్రేక్ వంటివాడికి రాణి చేతి పత్రం ఉన్నప్పుడు, ఆ పత్రం సంగతి కూడా మాటలో తెలియాలి. 'రాజపత్రం గల ఓడదొంగ' అని మొదట ఒకసారి వివరించి, తరువాత ఓడదొంగ అంటే సరిపోతుందని నా ఆలోచన. 'నావికుడు', 'అన్వేషకుడు' అన్న మాటలు మాత్రం ఒంటరిగా వాడకండి. రిచర్డ్ తండ్రి జాన్ హాకిన్స్ ఆఫ్రికా నుంచి మనుషులను పట్టి తెచ్చి కరీబియన్ తీరాల్లో అమ్మిన యాత్రల్లో, 1567-68 నాటి దానిలో యువ డ్రేక్ కూడా ఉన్నాడు. అన్వేషకుడన్న ఒక్క మాట కింద ఇదంతా కనబడకుండా పోతుంది.

ఛందస్సు విషయంలో భయపడనక్కరలేదు. ఈ కావ్యాలన్నీ దాదాపుగా 'ఒక్తావ రెయాల్' అనే ఎనిమిది పాదాల పద్యంలో ఉన్నాయి, పాదానికి పదకొండు అక్షరాలు, మొదటి ఆరింటిలో రెండు అంత్యప్రాసలు మారి మారి వచ్చి, చివరి రెండు పాదాలు జంటగా ముగుస్తాయి. దాన్ని సీసంలోకి దించితే పద్యం బరువెక్కి కథ నడక చెడుతుంది. పల్నాటి కథను శ్రీనాథుడు చెప్పిన ద్విపద దీనికి సహజంగా కుదురుతుందని నాకనిపిస్తుంది. ద్విపద రాయగలవారు ఇప్పటికిప్పుడు దొరకకపోతే మంచి వచనం చాలు. ఇంగ్లీషు అనువాదం నుంచి కాకుండా స్పానిష్ మూలం నుంచే చేయించండి. హైదరాబాదులో స్పానిష్ నేర్చుకున్నవారు ఉన్నారు, అమెరికాలో పెరిగి బడిలో స్పానిష్ చదువుకున్న తెలుగు పిల్లలు ఇప్పుడు పెద్దవారయ్యారు. అడిగితే వస్తారు.

ఇదంతా మనకు దూరపు కథ అని పక్కనపెట్టేవారికి ఒక్క ఓడ సంగతి చెబుతాను. ఇంగ్లండుకు చెందిన కంబర్లండ్ ప్రభువు స్పానిష్ తీరాల మీద దోపిడీ కోసమే కట్టించుకున్న ఓడ ఒకటి ఉండేది. 1598లో ప్యూర్తో రికోలోని సాన్ హువాన్‌ను పట్టుకున్నప్పుడు ఆయన దాని మీదనే ఉన్నాడు. కొత్తగా పుట్టిన ఈస్టిండియా కంపెనీ అదే ఓడను కొని, పేరు మార్చి, 1601లో తన తొలి తూర్పు యాత్రకు నాయక నౌకగా నడిపించింది. కొత్త పేరు 'రెడ్ డ్రాగన్'. దాన్ని నడిపిన జేమ్స్ లాంకాస్టర్ అంతకు ఆరేళ్ల ముందు బ్రెజిల్‌లోని రెసీఫెను దోచి వచ్చినవాడు. పదేళ్లు తిరిగేసరికి, 1611లో, అదే కంపెనీకి చెందిన మరో ఓడ మచిలీపట్నం రేవుకు చేరింది. కరీబియన్‌లో పని నేర్చుకున్న ఓడలు, మనుషులు, పెట్టుబడి అక్కడి నుంచి మన తీరం వైపు తిరిగిన దారి ఇది. కంపెనీ వ్యాపారానికి వచ్చింది అన్న వాక్యంతో మొదలయ్యే మన పాఠాలకు, ఆ వ్యాపారులు అంతకుముందు ఏ పనిలో ఉండేవారో చెప్పే వాక్యం ఒకటి ముందు ఉండాలి.

కాబట్టి నా విన్నపాలు ఇవి. పాఠ్యపుస్తకాలు తిరిగి రాసేటప్పుడు డ్రేక్ భూప్రదక్షిణ చెప్పిన చోటే వల్పరైసో, కయావో పేర్లు కూడా రాయండి, కార్తహేనాలో ఆయన తీసుకున్న 1,07,000 డుకాట్లు రాయండి, కాస్తెయానోస్ గీసిన ముఖవర్ణన నాలుగు పంక్తులు పక్కన పెట్టండి. ప్రచురణకర్తలు ముందుగా 'సహన దర్పణం' వేయండి, చిన్నది కాబట్టి ఖర్చు తక్కువ. దాని తరువాత కాస్తెయానోస్ డ్రేక్ ఖండికను సర్మియెంతో కథతో కలిపి ఒకే పుస్తకంగా తీసుకురండి. పిల్లల పత్రికలవారు ఓడదొంగ అనగానే ఒంటికన్ను పట్టీ, భుజం మీద చిలుక గీయించడం ఒకసారి ఆపి, మంసానియో తీరంలో హిరోన్ ఎదుట నిలబడిన సల్వడోర్ గొలొమోన్ బొమ్మ గీయించండి.

'సహన దర్పణం' మొదటి సర్గకు నేను చేసుకున్న వచనానువాదం నా దగ్గర ఉంది. పండితుణ్ణి కాను కాబట్టి అందులో లోపాలుంటాయి. ఎవరైనా దిద్ది, ద్విపదలోకి మార్చి, రెండో సర్గ కూడా పూర్తిచేసి అచ్చువేస్తామంటే, ఏ ప్రతిఫలమూ లేకుండా ఇస్తాను. నా పేరు పుస్తకం మీద వేయనక్కరలేదు.

ఇట్లు,
స్పానిష్ చదువుకున్న ఒక తెలుగు పాఠకుడు